ముక్కాయన, ముక్కుపెట్టె

మా పాల ఫ్యాక్టరీలో ముక్కాయన అంటే తెలియనివాళ్ళు లేరు. అసలు పేరు జీతాల జాబితాలో ఎక్కడో ఉంటుంది. ఇరవై రెండేళ్ళు ఆయన పక్కనే కూర్చున్నాను, ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. నేను అన్నయ్యా అనేదాన్ని, ఆయన చెల్లెమ్మా అనేవాడు. రక్తసంబంధం ఏమీ లేదు. పొద్దున్నే ఐదున్నరకల్లా ఒకే షెడ్డులో, ఒకే బల్ల దగ్గర చలికి వణుకుతూ అన్నేళ్ళు గడిపితే చుట్టరికం దానంతటదే కలుస్తుంది.

ఆయన ఉద్యోగం వాసన చూడడం. నవ్వకండి, నేనూ మొదట నవ్వాను. రైతులు క్యాన్లలో పాలు తెస్తారు. షెడ్డులో వరసగా దించుతారు. ఈయన ఒక్కో క్యాను మూత ఎత్తి, వెల్లకిలా తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఒక్క ఊపిరి పీలుస్తాడు. "తీసుకో" అంటే పాలు లోపలికి. "తిప్పెయ్" అంటే వచ్చిన దారినే వెనక్కి. నేను రిజిస్టర్లో ఆ మాట రాస్తాను. పూటకి మూడు వందల క్యాన్లు. ల్యాబులో పరీక్ష ఉంది కానీ దాని ఫలితం మధ్యాహ్నానికి గానీ రాదు. అప్పటికి పాలన్నీ పెద్ద ట్యాంకులో కలిసిపోయి ఉంటాయి. ఒక్క పాడు క్యాను కలిసినా ట్యాంకంతా కాలవపాలే. అందుకే ఆ ముక్కుకి అంత విలువ.

ఉత్తినే బాగుంది, బాగాలేదు అని ఊరుకునేవాడు కాదు. "ఆవు ఉల్లికాడలు మేసిందయ్యా, కట్టేసుకో" అనేవాడు. "రాత్రి డీజిలు డబ్బా పక్కన పెట్టావు కదూ" అంటే రైతు నోరు వెళ్ళబెట్టేవాడు. ఆ ముక్కుని కాపాడుకోవడానికి ఆయన పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. వక్క నమలడు, పొగ తాగడు, పచ్చి ఉల్లిపాయ ముట్టడు. ఇంట్లో వాసన సబ్బు ఉండకూడదు. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో మా వదిన ఒక్క మంచి సబ్బుతో ఒళ్ళు రుద్దుకున్న పాపాన పోలేదు. నేను కొత్తగా చేరిన రోజుల్లో చేతులకి ఏదో క్రీము రాసుకుని వెళితే, అందరి ముందూ కుళాయి దగ్గరికి పంపి మూడుసార్లు కడిగించాడు. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడు వందల క్యాన్లకీ మాట్లాడకుండా రాసుకుంటూ పోయాను.

ఇక కంపెనీ సంగతి. మాది పెద్ద కంపెనీ. ఎంత పెద్దదంటే ఏ గదిలో ఏం జరుగుతోందో కంపెనీకే తెలియదు. రెండేళ్ళ కిందట మూడో అంతస్తులో గోడలు కొట్టేసి, అద్దాలు బిగించి, రంగురంగుల కుర్చీలు వేశారు. వ్యవసాయంలో, ఆహారంలో కొత్త ఆలోచనలున్న కుర్రకారుకి కంపెనీ అండగా నిలబడుతుందట. ఆరు జట్లను ఎంపిక చేశారు. ఒకరు కూరగాయలు ఎండబెట్టే యంత్రం, ఒకరు ఊకతో పొట్లాలు, ఇద్దరు అన్నదమ్ములు చేలమీద ఎగిరి మందు కొట్టే బొమ్మలాంటిది. ప్రతి మంగళవారం పెద్దవాళ్ళు వచ్చి వీళ్ళకి వ్యాపారం ఎలా చెయ్యాలో పాఠాలు చెప్పేవారు. ఆ చెప్పేవాళ్ళలో సొంతంగా వ్యాపారం చేసిన మనిషి ఒక్కడున్నాడేమోనని నేను ఆరా తీశాను. లేడు.

ఆ ఆరింటిలో ఒక జట్టంటే ఒక్కమ్మాయే. ఇరవై ఆరేళ్ళుంటాయి, బక్కపలచన, కళ్ళజోడు, ఎప్పుడు చూసినా జేబులో స్క్రూడ్రైవరు. వాసన పట్టే యంత్రం చేసింది. చెప్పుల పెట్టెంత ఉంటుంది, ముందుకి సన్నటి గొట్టం. మూత కింద గొట్టం పెడితే నిమిషంలో పచ్చదీపమో ఎర్రదీపమో వెలుగుతుంది. దాన్ని ఊరూరా పాలు పోసే చోట పెట్టాలని ఆ పిల్ల ఆశ. పది మైళ్ళు మోసుకొచ్చాక తిప్పి పంపించే బదులు, బయలుదేరక ముందే రైతుకి తెలిసిపోతే ఎంత బాగుంటుంది అనేది. ఆ ఆశ కోసం చేస్తున్న ఉద్యోగం వదిలేసి వచ్చింది.

కంపెనీ బల్ల ఇచ్చింది, కరెంటు ఇచ్చింది, కాఫీ ఇచ్చింది. మా షెడ్డులోకి రావడానికి గేటు పాసు మాత్రం నలభై రోజులు ఇవ్వలేదు. మూడో అంతస్తు వాళ్ళు అడిగితే సెక్యూరిటీ వాళ్ళు కాగితం కావాలన్నారు, కాగితం ఇస్తే సంతకం కావాలన్నారు, సంతకం పెట్టే ఆయన ఊళ్ళో లేడన్నారు. పాల వాసన పట్టే యంత్రం పాల మొహం చూడకుండా నలభై రోజులు అద్దాల గదిలో కూర్చుంది. చివరికి ముక్కాయనే గేటు దగ్గరికి వెళ్ళి, "నా మనిషి, లోపలికి పంపండి" అన్నాడు. అంతే, పని అయిపోయింది.

షెడ్డులో అందరం తమాషా చూద్దామని కాచుకున్నాం. తన ఉద్యోగానికి ఎసరు పెట్టే యంత్రాన్ని ఈయన కాలితో తంతాడని పందేలు కూడా వేసుకున్నారు. ఆయన ఆ పిల్లకి స్టూలు వేసి కూర్చోబెట్టాడు. "మూత తిప్పగానే గొట్టం పెట్టమ్మా, ఆలస్యం చేస్తే వాసన గాలికి పోతుంది. రెండో ఊపిరిని నమ్మకు, మొదటిదే నిజం" అంటూ ముప్ఫై ఏళ్ళ విద్యంతా విప్పి చెప్పాడు. ఆ పిల్ల ఆయన్ని బాబాయ్ అంది, నన్ను అత్తా అంది. యంత్రానికి మేము ముక్కుపెట్టె అని పేరు పెట్టాం. నిజం చెప్పొద్దూ, ఆ పిల్ల వచ్చాక మా షెడ్డుకి కళ వచ్చింది.

పరీక్ష పద్ధతి మూడో అంతస్తు ఇన్‌ఛార్జి సారు నిర్ణయించాడు. వంద రోజులు ముక్కుపెట్టె, ముక్కాయన ఒకే క్యాను చూడాలి. ముక్కాయన మాటే ప్రమాణం. పెట్టె ఆయనతో విభేదిస్తే అది పెట్టె తప్పు. తొమ్మిది తప్పుల దాకా ఓర్చుకుంటారు. పదో తప్పుతో ఆ పిల్ల బల్ల ఖాళీ చెయ్యాలి. వంద రోజులూ గట్టెక్కితే కంపెనీ నలభై ఊళ్ళలో ఆ పెట్టెలు పెట్టిస్తుంది. ఈ షరతు మా బల్ల వెనక గోడకి అంటించారు, రోజూ కళ్ళకెదురుగా ఉండేది.

మొదటి ముప్ఫై రోజులు ఒక్క తప్పు లేదు. పదివేల క్యాన్లకి దగ్గర దగ్గర, ఒక్కటంటే ఒక్కటి! ఆ పిల్ల కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇన్‌ఛార్జి సారు ఫోటోగ్రాఫర్ని తీసుకొచ్చి, ముక్కాయన మూత పట్టుకున్నట్టూ, పిల్ల గొట్టం పట్టుకున్నట్టూ ఫోటోలు తీయించాడు. నన్ను పక్కకి జరగమన్నాడు. జరిగాను.

ఆ తర్వాత మా ఆడపడుచుకి ఆపరేషన్ అయింది. నాలుగు రోజులు సెలవు పెట్టాను. తిరిగొచ్చేసరికి గోడ మీద కాగితం పక్కన నాలుగు ఎర్ర గీతలు. మరో రెండు వారాలకి వాన తడిసి నాకు పడిశం పట్టింది. ముక్కులు బిగుసుకుపోయి, తల దిమ్మెక్కి, అయిదు రోజులు కళ్ళు తుడుచుకుంటూనే రిజిస్టరు రాశాను. ఆ అయిదు రోజుల్లో ఇంకో అయిదు గీతలు. మొత్తం తొమ్మిది, అన్నీ ఆయన తిప్పెయ్ అంటే పెట్టె పచ్చదీపం చూపినవే. ఇక ఒక్కటి మిగిలింది.

ఆ పిల్ల పెట్టెని రెండుసార్లు పూర్తిగా విప్పి బిగించింది. గొట్టాలు మార్చింది. అన్నం తినడం మానేసింది. "నా పెట్టెలో ఏదో లోపం ఉంది అత్తా, దొరకడంలేదు" అని షెడ్డు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. "బాబాయ్ ముక్కు తప్పదు కదా. మరి నాదే తప్పు" అంది.  ముక్కాయన అక్కడే నిలబడి ఉన్నాడు. క్యాన్లు కడిగేచోటికి వెళ్ళిపోయాడు.

ఆ మర్నాడు మా వదిన భోజనం డబ్బా ఇవ్వడానికి గేటు దగ్గరికి వచ్చింది. దగ్గరికి రాగానే గుప్పుమని వాసన. గులాబీ సబ్బు. నేను తెల్లబోయాను.

"ఏంటి వదినా, ఇంట్లో విప్లవమా?" అన్నాను.

"నువ్వే చెప్పు. ఆయనే తెచ్చారు. ముప్ఫై ఏళ్ళు అడిగితే తేనివాళ్ళు, మొన్న పండక్కి కాదు పబ్బానికి కాదు, ఊరికే మూడు సబ్బులు తెచ్చి చేతిలో పెట్టారు. రుద్దుకో, నీ ఇష్టం అన్నారు. మనిషికి మతి గాని పోయిందా అనుకున్నా."

వదిన నవ్వుతూ వెళ్ళిపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. డబ్బా పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చి, భోజనం విప్పకుండా రిజిస్టరు తెరిచాను. తొమ్మిది తప్పుల తేదీలూ ఒక చీటీ మీద రాసుకున్నాను. నాలుగు తేదీలు నేను సెలవులో ఉన్నవి. అయిదు తేదీలు నాకు పడిశం పట్టినవి. నేను మామూలుగా ఉన్న రోజుల్లో ఒక్క తప్పూ లేదు. నా పడిశానికీ ఆయన ముక్కుకీ ఏమిటి సంబంధం అని పిచ్చిదానిలా అరగంట చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. ఇరవై రెండేళ్ళు ఆయన మూత తిప్పితే ఆ గాలి నా మొహానికే కొట్టేది. తెలియకుండానే నాకూ వాసన పట్టుబడింది. పాడు పాలైతే నా మొహం చిట్లుతుంది. ఆయన మూత పట్టుకుని వాసన చూడడంలేదు, నా మొహం చూస్తున్నాడు!

అప్పుడైనా తిన్నగా వెళ్ళి అడిగి ఉంటే సరిపోయేది. నా బుద్ధి గడ్డి తింది. ముందు నిజమో కాదో తేల్చుకోవాలనుకున్నాను. మర్నాడు పొద్దున ఒక క్యాను వచ్చింది. మూత ఎత్తగానే పులిసిన కంపు, నాకు డోకు వచ్చినంత పనైంది. పళ్ళు బిగబట్టి, రాతిబొమ్మలా కూర్చున్నాను. ముక్కాయన మూత ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పెట్టుకుని, కనుబొమల కిందనుంచి నన్ను చూశాడు. నేను కదల్లేదు. మళ్ళీ చూశాడు. ఆ చూపు నేను చచ్చినా మరిచిపోను. దారి తప్పినవాడు ఎదురొచ్చిన మనిషిని చూసే చూపు.

"తీసుకో" అన్నాడు.

ముక్కుపెట్టె మీద ఎర్రదీపం వెలిగింది.

పది. నా పరీక్ష పిచ్చిలో ఆ లెక్కే మరిచిపోయాను! క్యాను లోపలికి పోకుండా హమాలీని కేకేసి ఆపించాను, పాలు పక్కన పెట్టించాను. కానీ ఎర్రగీతలకని మూడో అంతస్తువాళ్ళు పెట్టిన కుర్రాడు గీసేశాడు. ఆ పిల్ల దీపం వంకా, గోడ వంకా చూసి, పెట్టె వైరు పీకేసింది. నేను చేజేతులా ఆ పిల్ల నోటి దగ్గర కూడు లాగేశాను. నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు.

క్యాన్లు కడిగేచోట ఎవరూ లేనప్పుడు ముక్కాయన్ని నిలదీశాను. "ఎన్నాళ్ళనుంచి అన్నయ్యా?"

ఆయన బుకాయించలేదు. "ఎనిమిది నెలలు. జ్వరం వచ్చి తగ్గింది చూడు, అప్పట్నించి. వాసనా తెలీదు, రుచీ తెలీదు. వస్తుంది వస్తుందని చూశా."

"నాతో చెప్పొచ్చుగా! వదినతో చెప్పొచ్చుగా!"

"ఏమని చెప్పను చెల్లెమ్మా? ముక్కాయనకి ముక్కు లేదనా? అది లేకపోతే ఇక్కడ నేనెవర్ని, మూతలు ఎత్తేవాణ్ణి."

"ఆ పిల్ల నీ ముక్కుని నమ్మి తన పెట్టెని విప్పి పారేసుకుంది. నిన్ను బాబాయ్ అంది. తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావా?"

ఆయన తడి చేతులు తుడుచుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఒకేసారి. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా అన్నాను. గురువారం పెట్టె సంగతి తేల్చే మీటింగు ఉంది కదా, అప్పటిదాకా ఆగమన్నాడు. ఆగాను. ఆ నాలుగు రోజులు నేను తలతిప్పి కూర్చుని రాశాను, ఆయన ప్రతి క్యానూ పక్కన పెట్టించి ల్యాబుకి పంపించాడు. ట్యాంకు ఆలస్యమైందని అందరూ గోల పెట్టారు.

గురువారం పదకొండు గంటలకి మూడో అంతస్తు. మొదటిసారి నేను ఆ రంగు కుర్చీల్లో కూర్చున్నాను. కంపెనీ పెద్ద మేడమ్ వచ్చింది, ఇన్‌ఛార్జి సారు వచ్చాడు. ఆ పిల్ల ముందే పెట్టెని అట్టపెట్టెలో సర్దేసి పక్కన పెట్టుకుంది. సారు గొంతు సవరించుకుని, కంపెనీ ఎంత తోడ్పాటు ఇచ్చిందో, అయినా కొన్ని ఆలోచనలు ఎందుకు ఫలించవో పావుగంట చెప్పాడు. తెర మీద పది ఎర్ర చుక్కలు చూపించాడు.

ముక్కాయన లేచాడు. "ఆ పదీ పెట్టె తప్పులు కావు మేడమ్. నావి. నాకు వాసన తెలీదు. ఎనిమిది నెలలైంది."

 ఆ పిల్ల అట్టపెట్టె మీద చెయ్యి వేసి అలాగే ఆయన్ని చూస్తూ ఉండిపోయింది.

"మరి ఇన్నాళ్ళు పాలు ఎవరు చూశారు?" అంది మేడమ్.

"మా చెల్లెమ్మ" అన్నాడు. "తనకి తెలీకుండానే. తన మొహం చూసి చెప్పేవాణ్ణి. తను లేనప్పుడు తప్పాను."

 అందరూ నా వైపు తిరిగారు. "పదోది నా వల్లే మేడమ్" అని నేనూ జరిగింది చెప్పేశాను. 

మేడమ్ తెలివైనదే. ఒక్క నిమిషం పెన్నుతో బల్ల మీద కొట్టుకుంటూ ఆలోచించి తేల్చేసింది. ఆ పదీ లెక్కలోంచి తీసేద్దాం, అమ్మాయి పెట్టె నెగ్గినట్టే, నలభై ఊళ్ళ పని మొదలుపెడదాం. ఈయన్ని ఏదో కారణం చెప్పి ఆఫీసు పనికి మారుద్దాం. "ఇది మాత్రం కాగితం మీద రాయొద్దు. ఎనిమిది నెలలు మన పాలు ఎలా చూశామో బయటికి పొక్కితే ఎవరికీ మంచిది కాదు. ఈ గదిలోనే ఉండనివ్వండి" అంది.

ఇన్‌ఛార్జి సారు నెత్తిన పాలు పోసినట్టు నవ్వాడు. నేను కూడా హమ్మయ్య అనుకున్నాను, దాచడమెందుకు. పిల్ల గట్టెక్కింది, అన్నయ్య పరువు దక్కింది, ఇంకేం కావాలి?

"రాయాలి మేడమ్" అన్నాడు ముక్కాయన.

"ఎందుకు బాబాయ్?" అంది ఆ పిల్ల. "నాకు అక్కర్లేదు. నేను నెగ్గాను కదా. మీరు ఊరుకోండి."

"నీ కోసం కాదమ్మా. సైకిలావిడ కోసం."

సైకిలావిడ అంటే సైకిలుకి ఒక్క క్యాను కట్టుకుని వచ్చే ఒంటరి మనిషి. క్యాను పాతది, సొట్టలు పడ్డది. నేను సెలవులో ఉన్నప్పుడు నా బల్ల దగ్గర కూర్చున్న గుమాస్తా మొహంలో ఏ భావమూ పలకదు. ముక్కాయనకి అంతా అగమ్యగోచరంగా ఉంది. చూడడానికి పాత క్యాను పాడుగా కనిపించింది. వరసగా మూడు రోజులు తిప్పేశాడు. మూడుసార్లు తిప్పితే ఇక్కడ పాలు పోసే కార్డు రద్దు, అది కంపెనీ నిబంధన. ఆవిడ కార్డు రద్దయింది. ఆ మూడు రోజులూ ముక్కుపెట్టె మీద పచ్చదీపమే వెలిగింది. ఇదంతా ఆయనే చెప్పాడు. తేదీలు చీటీ మీద రాసుకున్నాను కానీ, ఆ క్యాన్లు ఎవరివో నేను చూసుకోలేదు.

"తప్పు నాదని కాగితం మీద లేకపోతే ఆవిడ కార్డు తిరిగి రాదు మేడమ్. పాలల్లో ఏదో కలిపిందని ఊళ్ళో అనుకుంటారు. నా పరువు ఈ గదిలో ఉంచుతానంటున్నారు, మంచిదే. ఆవిడ పరువు బయట ఉంది."

మేడమ్ చాలాసేపు అడ్డు చెప్పింది. సారు అంతకన్నా ఎక్కువ చెప్పాడు. ఈయన నిలబడ్డ చోటునుంచి కదల్లేదు, గొంతు పెంచలేదు. రాయకపోతే నేనే షెడ్డులో నిలబడి వచ్చిన ప్రతి రైతుకీ చెబుతానన్నాడు. చివరికి ఆ పిల్ల తన అట్టపెట్టెని మేడమ్ ముందుకి జరిపింది. "ఇది రాయకపోతే నాకు నలభై ఊళ్ళు వద్దు మేడమ్" అంది.  అద్దాల గదుల్లో ఏడాదిన్నర పాఠాలు విన్న పిల్ల, చివరికి ఎవరి దగ్గర ఏం నేర్చుకుందో నాకు అప్పుడు తెలిసింది. మేడమ్ నన్ను రాయమంది. పది తేదీలకీ ఎదురుగా తప్పు ఎవరిదో రాశాను. తొమ్మిదింటి దగ్గర ఆయన సంతకం పెట్టాడు, పదోదాని దగ్గర నేను పెట్టాను.

సాయంత్రానికల్లా సైకిలావిడకి కొత్త కార్డు తయారైంది. పోస్టులో పంపుతామన్నారు. ముక్కాయన ఒప్పుకోలేదు, నేనే ఇచ్చొస్తానన్నాడు. నన్ను రమ్మనలేదు, అయినా వెళ్ళాను. బస్సులో ముప్పావుగంట. దారిపొడుగునా ఆవిడకి ఏం చెప్పాలో వల్లెవేసుకుంటూనే ఉన్నాడు. తప్పు నాదమ్మా అనాలా, ముందు కార్డు చేతిలో పెట్టి తర్వాత చెప్పాలా అని నన్నే అడిగాడు. చిన్నపిల్లాడిలా ఉన్నాడు. ఎన్నో నెలల తర్వాత ఆయన మొహంలో ఉత్సాహం కనిపించింది.

ఆవిడ ఇల్లు రోడ్డు పక్కనే. సైకిలు గోడకి ఆనించి ఉంది. వాకిట్లో కూర్చుని ఏవో గింజలు ఏరుతోంది. మమ్మల్ని చూడగానే లేచి నిలబడింది, మళ్ళీ ఏ తప్పు పట్టుకోవడానికి వచ్చామో అన్నట్టు. ముక్కాయన కార్డు ఇచ్చాడు.

"మీ పాలు మంచివేనమ్మా. పొరపాటు జరిగింది. రేపట్నించి తీసుకురండి."

ఆవిడ కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏం తేను బాబూ?" అంది. "ఆవుల్ని అమ్మేశాగా. పాలు పోసే చోటు లేకపోతే రెండిటినీ ఏం పెట్టి మేపను? పోయిన నెల్లోనే తోలుకెళ్ళారు."

కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పింది, అంతే. ఎవరు కొన్నారని నేనే అడిగాను. ఎవరో బేరగాడు, ఏ ఊరో తెలీదంది. మంచినీళ్ళు ఇచ్చింది. తాగాం. కార్డుని మడిచి కొంగున ముడేసుకుంది, ఎందుకో మరి. ముక్కాయన చేతులు కట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నేనే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను.

తిరుగు బస్సు ఎక్కాం. రెండు స్టాపులు దాటాయి. కిటికీలోంచి చూస్తూ కూర్చున్న మనిషి ఉన్నట్టుండి నా వైపు తిరిగాడు.

"చెల్లెమ్మా, తప్పు నాదని ఆవిడతో చెప్పానా?"

చెప్పావన్నయ్యా అందామనుకున్నాను. నోటిదాకా వచ్చింది. ఆయన మొహం చూస్తే అలా చెప్పాలనే అనిపించింది. కానీ ఎనిమిది నెలలు నా మొహం ఆయనకి అబద్ధం చెప్పలేదు, చెప్పిన ఒక్కసారీ ఏం జరిగిందో చూశాను.

"లేదన్నయ్యా. పొరపాటు జరిగింది అన్నావు. ఎవరిదో చెప్పలేదు."

ఆయన లేచి, కండక్టర్ని బస్సు ఆపమన్నాడు. మధ్యలో ఆపమని కండక్టరు విసుక్కున్నాడు. ఆయన వినిపించుకోకుండా దిగి, వచ్చిన దారినే వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. నేనూ దిగాను.